పద్దెనిమిది ఇస్తేనే ఎక్కుతా

1వ తేదీ, సోమవారం. ఉదయం 6:20

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త కారు (వయసు పదకొండు రోజులు). కొత్త నేను!

డీజిల్ బండి, ఆటోమేటిక్ గేర్లు. లీటరుకి 19.8 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ కాగితంలో అచ్చేశారు. అచ్చులో ఉంది కదా, ఇచ్చి తీరాలి.

నాన్న మాత్రం ఇంతవరకూ ఎక్కలేదు. మా ఇంట్లోనే పై వాటాలో ఉంటాడు. ముప్పై మూడేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. గోడ మీద చెక్క షీల్డు ఒకటుంది. ‘ఇంధన పొదుపులో ప్రథమ స్థానం’ అని దాని మీద ఇత్తడి అక్షరాలు. కింద ఏడేళ్ళ తేదీలు, ఏడింటి పక్కనా నాన్న పేరే. బస్సుతో లీటరుకి 5.6 తీశాడట. డిపోలో ఇంకెవరూ ఐదు దాటలేదట. ఈ సంగతి నాకు అక్షరాలు రాకముందే వచ్చు.

నిన్న సాయంత్రం మెట్ల మీద పంచాయితీ:

“క్లచ్చు లేని బండి మంచినీళ్ళు తాగినట్టు డీజిల్ తాగుతుంది తల్లీ.”

“క్లచ్చు తొక్కితే నా ఎడమ మోకాలు పోతుందన్నాడు కదా నాన్నా డాక్టరు!”

“మోకాలి కోసం కొన్నావు, కాదన్లేదు. లీటరుకి పద్దెనిమిది ఇచ్చిన రోజు చెప్పు, వచ్చి ఎక్కుతా. అప్పటిదాకా నా బస్సు నాకుంది.”

ఈ నెల 28న నాన్న పాత డిపో వాళ్ళంతా కలుస్తున్నారు. కొండ రూటు బాబాయ్ ఇంట్లో. (నాన్నకి ప్రాణ స్నేహితుడు. కొండ మీదికి వెళ్ళే బస్సు నడిపేవాడు కాబట్టి ఆ పేరు.) ఇక్కడికి 118 కిలోమీటర్లు. మూడు బస్సులు మారాలి. నాన్నకి డెబ్బై నాలుగు.

ఆయన్ని నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్ళాలి. ఈ కోరిక కారు కొన్నాక పుట్టింది కాదు. డ్రైవింగ్ నేర్చుకున్న రోజు నుంచీ ఉంది.

కాబట్టి తీర్మానం: 28 లోపు పద్దెనిమిది!

నియమాలు:
– ఏసీ బంద్.
– కాలి కింద కోడిగుడ్డు ఉన్నట్టు యాక్సిలరేటర్ తొక్కాలి (నాన్న పాత మాట).
– వారానికోసారి టైర్లలో గాలి.
– డిక్కీలో అనవసరపు బరువు ఒక్క గ్రాము ఉండకూడదు.
– మీటరు చూపించే లెక్క నమ్మకూడదు. ట్యాంకు నింపి, తిరిగి, మళ్ళీ నింపి, భాగించాలి. నాన్న ఒప్పుకునే లెక్క అదొక్కటే.

రాత్రికల్లా నేనే ప్రపంచ ఛాంపియన్ని.

2వ తేదీ, మంగళవారం. ఉదయం 9:05

బంకులో ట్యాంకు నిండా కొట్టించాను. పైపు పట్టుకునే అక్క “ఇంకా పట్టదమ్మా” అంది. “ఇంకో గుక్క పట్టించు అక్కా” అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

షాపుకి వెళ్ళే దారిలో వంతెన దిగేటప్పుడు మీటరు ఎంత చూపించిందో తెలుసా?

31.4!!!

షాపు ముందు బండి ఆపి, ఎవరూ చూడకుండా స్టీరింగ్‌కి ముద్దు పెట్టాను.

ఉదయం 9:20. వంతెన ఎక్కేటప్పుడు 6.2 చూపించిన సంగతి చరిత్రకి అక్కర్లేదు.

3వ తేదీ, బుధవారం

నాది కళ్ళజోళ్ళ షాపు. కళ్ళు పరీక్ష చేసేదీ నేనే, పావు పవరు తేడా కూడా వదలను. అలాంటి నాకు సాయంత్రం అద్దాలు తయారు చేసే లాబ్ నుంచి ఫోన్.

“మేడమ్, ఈ చీటీలో కుడి కన్ను 17.3 అని రాశారు. ఈయనకి అసలు కళ్ళున్నాయా?”

ఆ పెద్దాయన పవరు 1.75. పదిహేడు పాయింట్ మూడు పొద్దున మీటరులో చూసిన అంకె.

జాగ్రత్తగా ఉండాలి. బుర్ర కొంచెం షాపులో కూడా పెట్టాలి.

5వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 5:30

డిక్కీ మొత్తం ఖాళీ! ఒక్కో వస్తువునీ బాత్రూమ్ తూకం మీద పెట్టి రాశాను.

గొడుగులు మూడు (రెండు పనిచేయవు) – 1.4
పాత ఫ్రేముల పెట్టె – 6
మా అమ్మాయి బూట్లు, ఒకటే కాలివి – 0.7
స్టెపినీ, జాకీ, పానాలు – 21!!

ఇరవై ఒక్క కిలోలు! ఏ రోజూ నేల మీద తిరగని టైరుని నా డీజిల్‌తో ఊరంతా ఊరేగిస్తున్నానన్నమాట. దొర్లించుకుంటూ పోయి మెట్ల కింద పెట్టేశాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

“నేను ఎనభై నాలుగు కిలోలు. నన్ను కూడా మెట్ల కింద పెట్టేస్తావా?”

అంతమాట ఎందుకంటానుగానీ, ఆలోచించాను. రేపట్నుంచి ఆయన్ని ఆఫీసు దాకా కాకుండా ఆ ముందు సందు మొదట్లో దింపేస్తాను. యూటర్న్ మిగులుతుంది. నడక ఆరోగ్యానికి మంచిది.

9వ తేదీ, మంగళవారం. ఉదయం 8:50

పరీక్షా ఫలితాలు వెలువడ్డాయి.

208 కిలోమీటర్లు. 16.6 లీటర్లు.

పన్నెండున్నర.

మళ్ళీ భాగించాను. పన్నెండున్నర. ఫోన్‌లో భాగించాను. పన్నెండున్నర. బంకు అక్కని అడిగాను. ఆవిడ కాసేపు వేళ్ళు ముడిచి “పన్నెండున్నర అమ్మా” అంది జాలిగా.

సాయంత్రం 6:10. నాన్న బాల్కనీలోంచి వంగి అడిగాడు.

“ఎంత?”

“అదీ... ట్రాఫిక్ ఎక్కువగా ఉంది నాన్నా...”

“ట్రాఫిక్ ఎంతని అడగలేదు.”

“పన్నెండున్నర.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “సరే, ఆ మూడో బస్సు ఎన్నింటికో కాస్త ఫోన్‌లో చూసిపెట్టు” అని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కారణాలు (నావి కాదు, పరిస్థితులవి):
– పదకొండు సిగ్నళ్ళు. పదకొండూ ఎర్రవే.
– ఆగి ఉన్నప్పుడు మైలేజీ సున్నా. ఇది నా తప్పా?
– బంకు అక్క మొదటిసారి సరిగ్గా నింపలేదు (నింపింది).
– మా ఆయన శనివారం బిర్యానీ రెండు ప్లేట్లు తిన్నాడు.

11వ తేదీ, గురువారం. ఉదయం 9:40

నేరుగా రాసేస్తాను. ఇరుకు రోడ్డు. నేను ఇరవై ఎనిమిదిలో వెళ్తున్నాను, కోడిగుడ్డు పగలకుండా. వెనక సిటీ బస్సు. హారన్. హారన్. ఇంకో హారన్. నేను చలించలేదు. ఛాంపియన్లు చలించరు.

అప్పుడు బస్సు కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది.

“ఎవరమ్మా అదీ, పక్కకి తియ్! ఊరేగింపా ఏమైనా?”

ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

నాన్న! రోజూ పొద్దున డ్రైవర్ వెనక నిలబడి గేర్లు ఎలా మారుస్తున్నాడో చూసుకుంటూ లైబ్రరీకి వెళ్తాడు. నేను అద్దంలో చూశాను. నాన్న నా నంబర్ ప్లేటు చూశాడు. తల టక్కున లోపలికెళ్ళింది.

సాయంత్రం 6:30. నాన్నని అడిగాను.

“డ్రైవర్ ఏమన్నాడు నాన్నా?”

“తెలిసినవాళ్ళా అనడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“మొహం ఎప్పుడూ చూడలేదన్నా.”

15వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం

బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు. కిటికీలు దించినా లోపల నిప్పుల కొలిమే. వెనక సీట్లో మా పిడుగు (పదకొండేళ్ళు, నా ఒక్కగానొక్క కూతురు), ఒళ్ళో స్కూలు ప్రాజెక్టు. మైనంతో చేసిన అగ్నిపర్వతం. మూడు వారాల కష్టం.

“అమ్మా, కొండ వంగిపోతోంది.”

“పట్టుకో.”

“అమ్మా, కొండ నా గౌను మీదికొచ్చేస్తోంది!”

ఏసీ వేశాను. నా కోసం కాదు, చదువు కోసం. రెండే రెండు నిమిషాలు.

అగ్నిపర్వతాన్ని స్కూల్లో దింపాక కూడా వేసే ఉంది. అది వెళ్ళిపోయిందని నేను గమనించలేదనుకోండి.

17వ తేదీ, బుధవారం

డాష్‌బోర్డు మీద పసుపు దీపం! నేరుగా మెకానిక్ దగ్గరికి.

ఆయన కంప్యూటర్ తగిలించాడు. చూశాడు. నన్ను చూశాడు.

“మేడమ్, బండి ఎంత స్పీడులో నడుపుతున్నారు?”

“ముప్పై దాటనివ్వను” అన్నాను గర్వంగా.

“అదే జబ్బు. డీజిల్ బండి మేడమ్ ఇది, పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. ఇలా నత్తలా నడిపితే ఆ జల్లెడ మూసుకుపోతుంది. దాన్ని కాల్చుకోడానికి బండి ఇంకా ఎక్కువ డీజిల్ తాగుతుంది. హైవే ఎక్కి ఇరవై నిమిషాలు గట్టిగా తొక్కండి.”

“అంటే నేను పొదుపు చేసిందంతా...”

“మసైంది మేడమ్.”

మధ్యాహ్నం 3:15. వైద్యుల సలహా మీద హైవే ఎక్కాను. ఎనభై. తొంభై! గేర్లు వాటంతట అవే జారిపోతున్నాయి, వెన్నలా. ఏసీ ఇరవై రెండులో. పాట పెట్టాను. గొంతెత్తి నేనూ పాడాను. పసుపు దీపం ఆరిపోయింది. నేను ఆగలేదు. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయి, అక్కడ పనేమీ లేక వెనక్కి తిప్పుకొచ్చాను.

ఇంత హాయి ఈ బండిలో ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!

20వ తేదీ, శనివారం. సాయంత్రం 7:00

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

వంతెన పైకెక్కి, అక్కడ మీటరు సున్నా చేసి, కిందికి దిగి, 18.3 ఉండగా ఫోటో తీశాను. ఆ ఫోటో పట్టుకుని పైకి పరిగెత్తాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. (నేను చేసిందే. తప్పు కనపడకుండా పోదు.) ఫోటో చాలాసేపు చూశాడు.

“ట్యాంకు నింపి చూశావా?”

అవుననేస్తే అయిపోయేది.

“లేదు నాన్నా.”

ఫోన్ నా చేతిలో పెట్టేసి, డబ్బాలోంచి బిస్కెట్టు తీసి విరిచి సగం ఇచ్చాడు. చిన్నప్పుడు లెక్కల్లో తక్కువ మార్కులు వస్తే ఇచ్చినట్టు. సిగ్గుతో చచ్చిపోయాను.

23వ తేదీ, మంగళవారం

రెండో ట్యాంకు: 331 కిలోమీటర్లు, 25.1 లీటర్లు. పదమూడు పాయింట్ రెండు.

చాలు! ఇక నావల్ల కాదు. కోడిగుడ్డు పగిలింది. ఆమ్లెట్ కూడా అయింది. ఈరోజు షాపు ముందు ఇంజిను ఆపకుండా, ఏసీ ఆపకుండా, పాట పూర్తయ్యేదాకా కూర్చున్నాను. మా ఆయన్ని ఆఫీసు గుమ్మం దాకా దింపాను. దిగుతూ “ఎవరైనా పోయారా?” అనడిగాడు.

నాన్న మూడు బస్సుల్లో వెళ్తాడు. వెళ్ళనీ.

(వెళ్ళనీ అని రాశానుగానీ, మూడో బస్సు దిగాక ఒకటిన్నర కిలోమీటరు నడవాలట. ఫోన్‌లో చూశాను.)

26వ తేదీ, శుక్రవారం. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా రాస్తున్నాను, ఇది పూర్తిగా రాయాలి

ఉదయం 10:10. ఊరి బయట బైపాస్ మీద టైరు పంక్చర్. ఒక ఇంట్లో నడవలేని పెద్దావిడకి కళ్ళు పరీక్ష చేసి వస్తున్నాను. ధైర్యంగా డిక్కీ తెరిచాను. డిక్కీ అద్దంలా మెరుస్తోంది. ఒక్క గ్రాము బరువు లేదు.

మా ఆయన మీటింగులో ఉన్నాడు. మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. ఇక మిగిలింది ఎవరు?

“నాన్నా... మెట్ల కింద ఒక టైరుంది.”

అటువైపు నాన్న మెట్లు దిగుతున్న చప్పుడు.

“స్టెపినీ తీసేశావా?”

“ఇరవై ఒక్క కిలోలు నాన్నా.”

“ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి తీయలేదు తల్లీ నేను.” అంతే, పెట్టేశాడు.

11:25. బస్సు వచ్చింది. బైపాస్ మీద స్టాపు లేదు. అయినా ఆగింది. ముందు తలుపులోంచి టైరు దిగింది. దాని వెనకే నాన్న దిగాడు. ఆ వెనక జాకీ పట్టుకుని కండక్టర్. టైరుకి సామాను టిక్కెట్టు కొట్టించాడట నాన్న, సీటు పక్కన నిలబెట్టి తెచ్చాడట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

నేను జాకీ తిప్పాను, నాన్న బోల్టులు విప్పాడు. తొమ్మిది నిమిషాలు. చేతులు తుడుచుకుని రోడ్డు వైపు చూశాడు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

“ఇక్కడ ఇంకో బస్సు ఆగదు నాన్నా.”

“తెలుసు.”

“నడుస్తావా?”

నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాడు. వెనక తలుపు తీసి కూర్చున్నాడు. “ఇది ఎక్కినట్టు కాదు. పంక్చర్ లెక్క వేరు.”

రెండు కిలోమీటర్లు పోయాక, “ఆపు” అన్నాడు. దిగాడు. ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు.

మాట్లాడితే ఎక్కడ దిగిపోతాడో అని భయం. ఓరకంట చూస్తే, నాన్న ఎడమ కాలు కింద లేని క్లచ్చుని తొక్కుతోంది. నేను స్పీడు పెంచినప్పుడల్లా తొక్కుతోంది, వదులుతోంది.

“నాన్నా, ఏసీ ఆపనా?”

“ఉంచు. చల్లగా బాగుంది.”

కాసేపటికి తనే అన్నాడు.

“బండి బాగుంది. నీ చెయ్యి ఇంకా బాగుంది. నాకే భయమేసింది తల్లీ. మామూలు కారైతే పక్కన కూర్చుని ఇప్పుడు మూడు వెయ్యి, ఇప్పుడు నాలుగు వెయ్యి అని చెప్పేవాణ్ణి. ఇందులో కూర్చుంటే నాకు పనేముంది? అందుకే నోటికొచ్చిన అంకె చెప్పా.”

“నోటికొచ్చిందా? పద్దెనిమిది నోటికొచ్చిందా నాన్నా!”

నేను అరిచిన అరుపుకి ముందు బండివాడు వెనక్కి తిరిగి చూశాడు. ఇరవై ఆరు రోజులు! ఉడికిపోయి, మసి పట్టించి, మొగుణ్ణి సందులో దింపి!

“షీల్డు వచ్చిందని నేను పొంగిపోయాగానీ, నా రూటు సంగతి నీకెప్పుడైనా చెప్పానా? గీత గీసినట్టు చదును రోడ్డు. నలభై కిలోమీటర్లకి నాలుగే స్టాపులు. కళ్ళు మూసుకున్నా ఐదున్నర వచ్చేది. మీ బాబాయ్ కొండ రూటు, రోజుకి రెండొందల మలుపులు. వాడికి నాలుగు దాటేది కాదు. డిపోలో లీటర్లు లెక్క కట్టారుగానీ మలుపులు ఎవరూ లెక్క కట్టలేదు. వాడి చెయ్యి నాకు లేదు. ఏడేళ్ళూ వాడు నాకు చప్పట్లు కొట్టాడు. నేను ఒక్కసారీ ఆ మాట పైకి అనలేదు.”

ఇంటిముందు ఆపాను. దిగకుండా అలాగే కూర్చున్నాడు.

“ఆదివారం ఎన్నింటికి బయల్దేరదాం?”

28వ తేదీ, ఆదివారం. రాత్రి 8:15

ఉదయం 6:30కి బయల్దేరాం. స్టెపినీ డిక్కీలో. దాని పక్కన పాత దుప్పటిలో చుట్టిన చెక్క షీల్డు. అలవాటు కొద్దీ తూచాను: 2.3 కిలోలు.

అక్కడ బాబాయ్ దుప్పటి విప్పి చూసి “ఇదేంట్రా, నీది నాకెందుకు?” అన్నాడు.

“ఇన్నాళ్ళూ నా గోడ మీద పెట్టుకున్నా. నీదిరా ఇది.”

బాబాయ్ షీల్డు మీద తేదీలన్నీ వేలితో తడుముకుంటూ చదివాడు. తర్వాత నాన్న వీపు మీద ఒక్కటిచ్చాడు. ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు. ఆ తర్వాత పదకొండు మంది రిటైరైన డ్రైవర్లు నా బానెట్ ఎత్తి గంటన్నర వాదించుకున్నారు. ఒకాయన “గేర్లు ఎక్కడ దాక్కుంటాయమ్మా?” అని సీటు కింద కూడా వెతికాడు.

వచ్చేటప్పుడు నాన్న స్నేహితులు ముగ్గుర్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపాం. ఏసీ ఫుల్లు. కబుర్లు ఫుల్లు. బంకులో ట్యాంకు నింపాం. నాన్నే భాగించాడు, చీటీ వెనక, పెన్సిలుతో.

పదహారు పాయింట్ ఒకటి.

“చదును రోడ్డు కదా” అని నన్ను చూసి కన్ను కొట్టాడు.

1వ తేదీ, బుధవారం. ఉదయం 6:20

కొత్త నెల. కొత్త పేజీ. కొత్త నేను!

తీర్మానం: ఊళ్ళో, పదకొండు సిగ్నళ్ళతో, ఏసీతో, నెలాఖరుకి పద్దెనిమిది. ఈసారి ఖాయం!

బరువుల పట్టీ తాజాగా రాస్తున్నాను.

స్టెపినీ, జాకీ, పానాలు – 21. తీయకూడదు (నాన్న ఆర్డరు).
మా ఆయన – 84. గుమ్మం దాకా.
నాన్న – 61.

నాన్న ఇక లైబ్రరీకి బస్సులో వెళ్ళడట. రోజూ పొద్దున నా పక్కన కూర్చుని, వంతెన వచ్చినప్పుడల్లా “ఇప్పుడు మూడు... ఇప్పుడు నాలుగు...” అని లేని గేర్లు చెప్తాడట. ఇప్పటికే బయట కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు.

అరవై ఒక్క కిలోలంటే లీటరుకి ఎంత తగ్గుతుందో లెక్క కట్టబోయాను. పెన్ను పక్కన పెట్టేశాను. ఈ బరువు మాత్రం నేను దించను.